తొమ్మిదో పలక

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అత్తయ్య నిక్షేపంలా ఉన్నారు. పొద్దున్నే లేచి టైలరు పంపిన రెండు చొక్కాలకు కాజాలు కుట్టారు, టీ చల్లారిపోయిందని నన్ను నాలుగు కేకలు వేశారు, ఇప్పుడు గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ఎప్పుడూ ‘అత్తయ్య క్షేమం’ అని ఒక్క ముక్క రాసి వేరే సంగతిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి కాస్త వివరంగా రాశాను. ఎందుకో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది. మీరు కూడా క్షేమంగా ఉన్నారనుకుంటాను.

మీ ఉత్తరం అంది పది రోజులైంది. పోయిన వారం జవాబు ఎందుకు రాలేదని మీరు కంగారు పడుతూ ఉంటారు. ఒంట్లో బాగుండక కాదు, తీరిక లేకా కాదు. ఆ సంగతికి మెల్లగా వస్తాను. ముందు మీరు అడిగినవాటికి చెప్తాను.

వంటింటి మూల కప్పు కారడం ఆగింది. పగిలిన రేకు తీయించి కొత్తది వేయించాం. గోడ మీదికి చుక్క నీరు కూడా దిగలేదు. అత్తయ్య దగ్గు గురించి అడిగారు. మామూలు రోజుల్లో లేదు. నేను సున్నం తొట్టి మూత తీసిన రోజున మాత్రం ఆమె కుట్టుపని సంచి చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోతారు. “నీ తొట్టి తెరుచుకుంటే నా ఊపిరి మూసుకుంటుందే తల్లీ, నువ్వూ నీ సున్నమూ కాపురం చేసుకోండి” అంటారు. మీకు తెలిసిందే. పుట్టి బుద్ధెరిగి ఆమె సున్నం ముట్టుకున్నది లేదు.

అక్కడ బంగళా మూడో గది గోడ మీద తెల్లటి పొడలు లేస్తున్నాయని, ఎర్ర పూత మీద పాలు చిందినట్టుందని రాశారు. అది చదవగానే నాకు నవ్వొచ్చింది. పెళ్ళైన కొత్తలో మీరు వేసిన మొదటి గోడ కూడా ఇలాగే పాలు కక్కింది, గుర్తుందా? తప్పు పూతది కాదు. కింది గోడ దాహం తీరలేదు. పాత గోడ ఎన్నో ఏళ్ళుగా ఎండి ఉంటుంది. పూత పడగానే అందులోని తడినంతా గుటుక్కున తాగేస్తుంది. ముందు రోజు మూడుసార్లు, పూత వేసే పూట ఇంకోసారి గోడను తడపాలి. కిటికీలు తెరవకూడదు. గాలికి ఆరిన సున్నం పైకి పొంగి పొడిలా మిగిలిపోతుంది. నీడలో నిదానంగా ఆరినది రాయి అవుతుంది. ఇప్పుడున్న పూతను అతుకులు వేసి బాగుచేద్దామని చూడకండి, మొత్తం గీకేయండి.

పూత వేశాక రాయితో రుద్దడం ఎన్ని గంటలకు మొదలుపెట్టాలో గడియారం చూసి రాయమన్నారు. అది గడియారంలో దొరకదండీ. వేలి వెనకవైపు గోడకు ఆనించి చూడాలి. చల్లగా తగలాలి, తడి మాత్రం అంటకూడదు. తడి అంటితే ఇంకా తొందరన్నమాట, మెరుగురాయి పెడితే పూత ఊడి చేతికొస్తుంది. చల్లదనం కూడా పోయిందంటే ఆలస్యమైనట్టే, ఆపైన రెక్కలు పడిపోయేలా రుద్దినా మెరుపు రాదు. ఈ రెంటికీ మధ్య దొరికేది కాసేపే. ఆ కాసేపట్లోనే సబ్బునీళ్ళు చిలకరిస్తూ, చిన్న చిన్న చుట్లుగా, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం గోడలో కనబడేదాకా రుద్దాలి.

ఇవేవీ మీ కంటపడని సంగతులు కావు. నాలుగేళ్ళుగా మీరు పూత వేస్తుంటే వెనక నేను రుద్దుతూ వచ్చాను. అది నా వంతు కాబట్టి మీరెప్పుడూ పట్టించుకోలేదు. పని గురించి అడిగిన మూడిట్లో రెండు చెప్పాను. ఇక తొమ్మిదో నమూనా పలక. బెత్తెడు వెడల్పు తీగ నగిషీ అంచుతో, త్వరగా చేసి పంపమన్నారు. దాని సంగతే చెప్పబోతున్నాను. అయితే అక్కడికి రావాలంటే కొన్ని పాత మాటలు చెప్పాలి. మీకు తెలిసినవే. అయినా రాస్తాను, మీరు మరిచిపోయారేమోనని అనుమానంగా ఉంది.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. “పిల్ల చెయ్యి తేలిక, అది రుద్దితే గోడకు నొప్పి తెలియదు” అని నాన్న తను పని చేసే పాత ఇళ్ళకు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. ఆ ఇళ్ళలో ఎత్తైన గదులు, గోడల మీద అరచెయ్యి జారిపోయే నునుపు, గుమ్మాల చుట్టూ తీగలు. అడుగున ఎర్ర పూత, దాని మీద పల్చగా తెల్ల పూత. పచ్చిగా ఉండగానే మొన ఉన్న పుల్లతో తెలుపును గీకితే కిందినుంచి ఎర్ర తీగ బయటపడుతుంది. గొడుగు విరిగితే దాని పుల్లలు నేను పారేయనిచ్చేదాన్ని కాదని మీరు నవ్వేవారు. మా నాన్న దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉండేది. పని పూర్తయిన గోడకు కింద కుడి మూల, ఎవరి కంటా పడని చోట, రుద్దిన మనిషి చిటికెనవేలి మొనను ఒకసారి అద్దాలి. లాంతరో టార్చిలైటో గోడకు బాగా ఆనించి పట్టుకుంటే తప్ప అది కనబడదు. పని అయ్యాక మీరు కూడా గొంతు తగ్గించి “పెట్టావా?” అని అడిగేవారు. పెట్టానన్నట్టు నేను తలూపేదాన్ని.

పరంజా మీద ఆడమనిషి కనబడితే ఇంటివాళ్ళు అదోలా చూస్తారని మీరన్నారు. నాకూ కొత్తవాళ్ళ ముందు కాళ్ళూ చేతులూ ఆడవు కాబట్టి అదే మంచిదనుకున్నాను. వాళ్ళు పనుల మీద బయటికెళ్ళాక నన్ను పిలిచేవారు. పెద్ద గోడలైతే మీరు ఆ మూల నుంచి, నేను ఈ మూల నుంచి. మధ్యలో మనం కలిసే చోట అతుకు పడేది. మీ వైపు పూత ఎప్పుడూ వెంట్రుకవాసి ఎత్తుగా వచ్చేది. ఎవరి పని ఎక్కడ ఆగిందో దేవుడికి కూడా తెలియకుండా నేను ఆ అతుకును అరగదీసేదాన్ని. ఇంటివాళ్ళు తిరిగొచ్చేసరికి నేను పెరట్లో బకెట్లు కడుగుతూ ఉండేదాన్ని. “అబ్బ, ఏం చెయ్యండీ మేస్త్రీగారూ మీది!” అని వాళ్ళంటే, మీరు వాళ్ళ భుజాల మీదుగా నా వైపు చూసి నవ్వేవారు. ఆ నవ్వు నాకు చాలనుకునేదాన్ని. అబద్ధం ఎందుకు, నిజంగానే చాలేది.

మీరు ఆ బంగళా పనికి బయల్దేరే రోజున నా మెరుగురాయి అడిగారు. పెళ్ళిలో నాన్న నా చేతిలో పెట్టిన రాయి అది. బూడిద రంగు, మధ్యలో తెల్లటి చార, నా పిడికిట్లో సరిగ్గా ఇమిడేది. నాది అని నేను చెప్పుకోగలిగిన వస్తువు ఈ ఇంట్లో అదొక్కటే. “ఇది నా దగ్గరుంటే నువ్వు పక్కన ఉన్నట్టే” అన్నారు. ఇంకేం మాట్లాడను? చీరచెంగుతో తుడిచి ఇచ్చాను. అక్కడ ఆడవాళ్ళు ఉండటానికి వసతి లేదని, కుదరగానే పిలిపిస్తానని, ఈలోగా వాళ్ళకు చూపించడానికి నమూనా పలకలు చేసి పంపమని అన్నారు. చెక్క చట్రం మీద మూరెడేసి పలకలు, ఎనిమిది చేశాను. రాయి మీ దగ్గరుంది కదా, గాజు సీసా అడుగుతో రుద్దాను. బొటనవేలు దగ్గర కాయ కాసింది. ఎనిమిదీ నచ్చాయని మీరు రాసిన ఉత్తరాన్ని అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను.

ఇప్పుడు పోయిన మంగళవారం సంగతి.

ఆ రోజు తొమ్మిదో పలక మీద తెల్ల పూత పరిచి, తీగ గీసి, వెనక గదిలో ఆరబెట్టాను. వేలి వెనకవైపు ఆనించి చూస్తే ఇంకాస్త తడి అంటుతోంది. చేతులైనా కడుక్కోకుండా కాచుకుని ఉన్నాను. అత్తయ్య పక్కింటినుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. వీధిలో కారు ఆగింది. కురచ జుట్టు, భుజాన కెమెరా, నలభై ఏళ్ళుంటాయేమో, ఒకావిడ దిగింది. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది.

“మేస్త్రీగారి ఇల్లు ఇదేనా అమ్మా? నేను ఆ బంగళా పని చూస్తున్న ఇంజినీర్ని.”

మీ ఉత్తరాల్లో మీరు రాసే ఇంజినీరమ్మ! వసతి కుదిరింది కాబోలు, నన్ను తీసుకెళ్ళడానికే వచ్చింది కాబోలు అనుకున్నాను చూడండి. తలుపు చాటునే నిలబడిపోయాను.

“రండమ్మా రండి. మా వాడు కులాసాయేనా?” అన్నారు అత్తయ్య.

“బాగున్నారు. వేరే పని మీద ఇటు వచ్చాను. దారిలోనే కదా, వాళ్ళమ్మగారు పని చేసిన ఇల్లు ఒకసారి కళ్ళారా చూసి వెళదామని ఆగాను. వారు పోయి ఎన్నేళ్ళయిందండీ?”

అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది. “ఎవరు పోయి?”

“మేస్త్రీగారి అమ్మగారు. ఇంట్లో దాచి ఉంచిన ఆ ఎనిమిది పలకలు చేసినావిడ. వారి పేరెత్తితే చాలు, మేస్త్రీగారి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మీరు వారికి ఏమవుతారు?”

నేను తలుపు సందులోంచి అత్తయ్య ముఖం చూస్తున్నాను. అంత పెద్ద నోరున్న మనిషి, కూరగాయల బండివాడు సందు చివర ఉండగానే బేరం మొదలుపెట్టే మనిషి, సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టారు. ఆ తర్వాత అన్నారు:

“నేనా... నేను వాడి పెద్దమ్మనమ్మా.”

మీకోసం ఆ పూటకి అత్తయ్య తన అక్కయ్య తానే అయిపోయారండీ. తన చావు తను ఒప్పుకున్నారు. అంతటితో ఊరుకుంటే ఆమె అత్తయ్య ఎందుకవుతారు? సూది మళ్ళీ చేతిలోకి తీసుకుని అడిగారు.

“ఏడ్చాడా వాడు?”

“కన్నీళ్ళు పెట్టుకున్నారండీ, పాపం.”

“ఎంతసేపు?”

ఇంజినీరమ్మ చేతిలోని బూట్లు గుమ్మం పక్కన పెట్టింది. “చాలాసేపే,” అంది.

“పోన్లే. అదృష్టవంతురాలు, మా చెల్లెలు.”

ఇంజినీరమ్మ లోపలికొచ్చింది. వంటింటి గోడ చూసి అక్కడే ఆగిపోయింది. పోయినేడు మీరు పూత వేసి, నేను రుద్దిన గోడ. టార్చిలైటు తీసి గోడకు ఆనించి పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కింద కుడి మూల వెతికింది. దొరికింది. “ఇదిగో, ఇక్కడా ఉంది! ఎనిమిది పలకల మీదా ఇదే గుర్తు. మీ చెల్లెలి చిటికెనవేలండీ” అని అత్తయ్యతో చెప్పి, ఆ గుర్తును ముట్టుకుని కళ్ళు మూసుకుంది. నా వేలికి, నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండగా, ఎవరో వచ్చి సంతాపం చెప్పారు. తర్వాత ఫొటో తీసుకుంది.

అప్పుడే నా వైపు తిరిగింది. “మేస్త్రీగారి భార్యా? చెప్పారు మీ గురించి. సున్నం వాసన పడదట కదా, దగ్గట. అందుకే అక్కడికి తీసుకురాలేనన్నారు. మేం గదులు ఇస్తామని రెండుసార్లు చెప్పాం.”

సరిగ్గా ఆ మాటకే అత్తయ్యకు దగ్గు తెర పట్టుకుంది. వెనక గదిలో తడి సున్నం వాసన ఇల్లంతా ఉంది మరి. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు తుడుచుకున్నారు. నేను మోచేతుల దాకా సున్నంతో, రెండు చేతులూ పైటలో చుట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాను. అప్పటికి గాని నాకు లెక్క అర్థం కాలేదు. మీరు అత్తయ్య దగ్గు తీసి నాకిచ్చారు. నా చేతులు తీసి అత్తయ్యకిచ్చారు. ఆ చేతుల కోసం ఎవరూ రాకుండా అత్తయ్యను చంపేశారు. వసతి రెండుసార్లు ఇస్తామన్నారట. మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ పెట్టెలో వరసగా ఉన్నాయి. “ఇంకా కుదరలేదు, నువ్వు లేక ఏమీ తోచడం లేదు” అని ప్రతి దాంట్లోనూ ఉంది.

ఇంజినీరమ్మ మంచి మనిషి. వెళ్ళేముందు అత్తయ్య పక్కన కూర్చుని చెప్పింది. బంగళా ముందు గదిలో అద్దాల బీరువా పెట్టారట. అందులో నా ఎనిమిది పలకలు ఉన్నాయట. పక్కన గుడ్డ పరిచి ఒక రాయి పెట్టారట. “బూడిద రంగు రాయి, మధ్యలో తెల్ల చార. అమ్మగారు జీవితమంతా వాడిన రాయి అని మేస్త్రీగారు ఇచ్చారు. ‘ఈ విద్య ఈమెతోనే ముగిసింది’ అని కింద రాయించాం” అంది.

మీరు ఆ రాయితో రుద్దడం కూడా లేదన్నమాట.

వెనక గదిలో పలక ఆరిపోతోంది. నాకు తెలుస్తూనే ఉంది. ఆ కాసేపు వచ్చింది, ఉంది, అయిపోతోంది. “ఒక్క నిమిషమండీ” అని లోపలికి వెళ్ళి రుద్దితే చాలు, ఆవిడే వెనకాల వచ్చి చూసేది. ఒక్క మాట కూడా మాట్లాడాల్సిన పని లేదు. నోరు పెగలకపోయినా చేతులు చెప్పేవి. అయినా నేను కదల్లేదు. పైటలో చేతులు అలాగే ఉంచుకుని నిలబడ్డాను. కారు వెళ్ళాక పోయి చూస్తే పలక వెచ్చబడి, సుద్దముక్కలా వెలవెలబోయి ఉంది. నా చేతుల్లో పాడైన మొదటి పలక అది. నన్ను నేను ఎందుకు కాపాడుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మిమ్మల్ని కాపాడాననుకున్నానేమో.

అత్తయ్య మళ్ళీ కుట్టుపనికి కూర్చున్నారు. కాజా ఒకటి వంకరగా కుట్టి, దాన్ని విప్పేసి, మళ్ళీ వంకరగానే కుట్టారు. చివరికి నా వైపు చూడకుండా అన్నారు.

“నేను వాడి తల్లిని. నోరు తెరిస్తే వాడి పరువు పోతుంది. చచ్చానని ఒప్పుకున్నాను. నీకేమైందే? నువ్వు బతికే ఉన్నావుగా?”

“మీరు ఒప్పుకున్నాక నేనేం మాట్లాడను అత్తయ్యా?”

“అదీ నిజమే.” పళ్ళతో దారం తెంపి మళ్ళీ అన్నారు. “వాడు చిన్నప్పుడు పక్కింటివాళ్ళ గాలిపటం తెచ్చుకుని తానే చేశానన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడు ఒక్కటి వేసుంటే పోయేది.”

ఏమండీ, ఈ వారం రోజులూ నేను ఒకటే ఆలోచించాను. ఈ పలకలు ఎవరు చేశారని వాళ్ళు అడిగినప్పుడు, “మా ఆవిడ” అన్న రెండు మాటలకు మీ గొంతులో ఏం అడ్డొచ్చింది? అదీ నాకే తోచింది. భార్య అంటే పిలిపించమంటారు. పిలిపిస్తే నలుగురి ఎదుటా రుద్దుతుంది. ఎవరి చెయ్యి ఏదో బయటపడుతుంది. అదే తల్లి అంటే గౌరవం. పోయిన తల్లి అంటే ఇంకా గౌరవం, పైగా పిలిపించమని ఎవరూ అనరు. ఇంత ఆలోచన చేశారు గానీ, ఈ ఇంట్లో అత్తయ్యా నేనూ మీ ఉత్తరం కోసం రోజూ వీధిలోకి చూస్తూ ఉంటామని మాత్రం తోచలేదు.

మీరు వేరే ఎవరినో చేరదీశారని తెలిసినా ఇంత బాధపడి ఉండనేమో. అలాంటివి విన్నాను, ఆడవాళ్ళు ఏం చేస్తారో విన్నాను. ఇలాంటిది ఎవరికైనా జరిగిందని వినలేదు. ఎలా ఏడవాలో కూడా తెలియలేదు. మీరు నా పని తీసుకున్నందుకు కాదు. నాలుగేళ్ళుగా నేనే తీసి ఇస్తున్నాను. భుజాల మీదుగా నా వైపు చూసి నవ్వేవారే, ఆ నవ్వు మనిద్దరిదీ అనుకున్నాను. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే, మీరు నన్ను చూసి నవ్వారో, నన్ను నోరు మూసుకోమని నవ్వారో తెలియడం లేదు. నా జ్ఞాపకాలకు కూడా పొడలు లేస్తున్నాయి.

ఇప్పటిదాకా చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. మీ గురించి ఇంత రాసి, నేను చేసింది దాచడం న్యాయం కాదు.

బుధవారం పాడైన పలకను గీకేసి మళ్ళీ మొదటినుంచి వేశాను. రాత్రంతా చట్రానికి నీళ్ళు తాగించాను. ఎర్ర పూత, దాని మీద తెల్ల పూత, చుట్టూ తీగ. మీరడిగినట్టే బెత్తెడు వెడల్పున. సమయం తప్పకుండా రుద్దాను. ఎనిమిదింటి కంటే ఇదే బాగా వచ్చింది. అద్దంలా ఉంది, ఈ ఒక్కమాటకు నేను సిగ్గుపడటం లేదు. కింద కుడి మూల చిటికెనవేలు మాత్రం అద్దలేదు. రుద్దడానికి ముందే, పూత పచ్చిగా ఉన్నప్పుడే, కుడి చేతికి నూనె రాసుకుని, పలక నడిమధ్యలో అరచెయ్యి మొత్తం అద్దాను. అయిదు వేళ్ళూ, చేతి గీతలూ, బొటనవేలి దగ్గర సీసా కాయించిన కాయతో సహా. చెయ్యి చుట్టూ తళతళలాడుతుంది, చెయ్యి ఉన్న చోట మాత్రం మసకగా, లోతుగా ఉంటుంది. దాన్ని చూడటానికి టార్చిలైటు అక్కర్లేదు.

ఆ పలక మీకు పంపలేదు. ఇంజినీరమ్మ అత్తయ్యకు ఇచ్చి వెళ్ళిన కార్డు మీద బంగళా అడ్రసు, ఆవిడ హోదా ఉన్నాయి. ఆ అడ్రసుకు, ఆవిడ చేతికే ఇమ్మని, లారీ పార్సిల్లో ఈ పొద్దున్నే వేశాను. లోపల చీటీ పెట్టాను. “ఈ చెయ్యి వయసు ఇరవై నాలుగు. మీరు మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు పక్కన నిలబడ్డది నేనే” అని రాశాను. చీటీ నాలుగుసార్లు చింపి అయిదోసారి రాశాను. పార్సిలు ఆఫీసులో గుమాస్తా “లోపలేముందమ్మా?” అని అడిగితే, నా జీవితంలో మొదటిసారి పరాయి మనిషితో గట్టిగా మాట్లాడాను. “నేను చేసిన గోడ” అన్నాను. అతను “పగులుతుందా?” అన్నాడు. “పగలదు” అన్నాను.

పార్సిలు లారీ ఊళ్ళన్నీ తిరిగి శనివారం చేరుతుందట. ఇంజినీరమ్మ కూడా శనివారమే తిరిగి అక్కడికి వస్తానని అత్తయ్యతో అంది. ఈ ఉత్తరం మీకు గురువారమే అందుతుంది. పలక చేరాకే ఉత్తరం అందేలా వేయొచ్చు. అలా చేయబుద్ధి కాలేదు. మధ్యలో మీకు రెండు రోజులున్నాయి. ఆవిడకు మీరే చెప్పొచ్చు. కార్డు మీద ఫోను నంబరు కూడా ఉంది, ఈ కాగితం వెనక రాశాను. మీరు నోరు విప్పితే శనివారం వచ్చే పలక మీ మాటకు సాక్ష్యంగా వస్తుంది. విప్పకపోతే మీ మీద సాక్ష్యంగా వస్తుంది. తొందరేమీ లేదు గానీ, ఆలస్యమైతే మెరవదు. ఎంతసేపని గడియారం చూసి నన్ను అడగకండి.

ఈ ఉత్తరం మొత్తం అత్తయ్యకు చదివి వినిపించాను. చంపేశారన్న చోట మళ్ళీ చదవమన్నారు. ఆమె మాట ఒకటి రాయమన్నారు, అన్నది అన్నట్టు రాస్తున్నాను: “ఒరేయ్, నేను బతికే ఉన్నాను. నీ కోసం ఒక్కసారి చచ్చాను, రెండోసారి చావను. నేను చచ్చిపోయిన ఆ బంగళా ఎలా ఉందో చూడాలనుంది. కోడలితో వస్తున్నాను. నాకు సున్నం వాసన తగలని గది చూడు.”

అవునండీ, వస్తున్నాం. ఆదివారం బస్సుకు. మూడో గది గోడ పాలు కక్కుతుంటే నేనిక్కడ కూర్చోలేను. గోడ ఏ పాపం చేసింది? బీరువా తెరిపించి నా రాయి బయటికి తీయించండి. పోయినవాళ్ళ వస్తువులు అద్దాల వెనక ఉంటాయి. నాది నాకు కావాలి.

పగటిపూటే పని చేస్తాను, తలుపులన్నీ తీసి. గాలి తగలకుండా కిటికీలు మాత్రం మూస్తాను. పరంజా మీద నన్ను చూసి ఎవరు ఎలా చూసినా సరే, చేతులు వణికినా సరే. మీరు కావాలంటే ఎప్పటిలాగే ఆ మూల నుంచి మొదలుపెట్టండి, నేను ఈ మూల నుంచి వస్తాను. గోడ మధ్యలో కలుస్తాం. మీ వైపు పూత వెంట్రుకవాసి ఎత్తుగానే వస్తుంది, నాకు తెలుసు. ఈసారి ఆ అతుకు నేను అరగదీయను. అక్కడే ఉండనిస్తాను. ఎవరి పని ఎక్కడ ఆగిందో చూసేవాళ్ళకు తెలియాలి.

ఇట్లు,
ఇంకా మీ భార్యనే,
ఆ ఎనిమిది పలకలూ, ఈ తొమ్మిదోదీ చేసిన మనిషి.